బెజవాడను విడిచిన పరిషత్తు: కట్టమంచి రామలింగారెడ్డిగారి జీవితము

బెజవాడ పట్టణమున విశ్వవిద్యాలయ మొకటి నాలుగేండ్లుండి వెడలిపోయెనను మాట కృష్ణామండలమున వృద్ధులనోట తఱచు వినబడుచుండెడిది. 1926వ సంవత్సరము ఏప్రిలు 26వ తేదీన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆవిర్భవించినప్పుడు దాని ముఖ్యస్థానము బెజవాడయే. 1930 నాటికది వాల్తేరు మెట్టలను చేరినది. చేతికందిన ముద్ద నోటికందకపోయెనని మన మండలమువారికి నాడు కలిగిన కినుక నేటికిని పూర్తిగ చల్లారలేదు. మైలవరమున నలుగురు చేరి చదువుల ప్రసక్తి తెచ్చిరేని ఈ మాట రాకమానదు. పరిషత్తు పుట్టి 2026 నాటికి నూఱేండ్లు. ఆ పాత కినుకను మఱల విచారణకు పెట్టుటకు ఇది తగిన కాలము. విచారించుటకు మార్గమును కలదు. ఆ నాలుగేండ్లును పరిషత్తును నడపిన ఉపాధ్యక్షుడు, అనగా నేడు మనము వైస్ ఛాన్సలరని వ్యవహరించు అధికారి, స్వయముగ అర్థశాస్త్రవేత్త. విద్యాలయమునకు పునాది రాళ్లు కావు, నిధి యని యెఱిగినవాడు. ఆయన జీవితమును తెలిసికొన్నచో మన కినుకకు సగము సమాధానము దొరకును. తక్కిన సగమునకు మనమే బాధ్యులమేమో యను సందేహమును కలుగును.

కట్టమంచి రామలింగారెడ్డిగారు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరునకు ఆనుకొనియున్న కట్టమంచి గ్రామమున జన్మించిరి. నాడా ప్రాంతము ఉత్తరార్కాటు మండలములోనిది. తెలుగును అరవమును కలగలసి వినబడు సీమ. చిత్తూరున ప్రాథమిక విద్య ముగించి చెన్నపట్టణపు క్రైస్తవ కళాశాలలో చేరిరి. అచ్చట ఆంధ్రభాషాభిరంజనీ సమాజమువారు 1899లో కావ్యరచనకు పోటీ పెట్టగా, ఇంకను ఇరువది యేండ్లు నిండని ఈ విద్యార్థి 'ముసలమ్మ మరణము' రచించి బహుమానము నందెను. మఱుసటి యేడది యచ్చుపడినది.

ఆ కావ్యకథ అనంతపురమునకు చేరువనున్న బుక్కరాయసముద్రము చెరువునకు సంబంధించినది. కట్ట తెగనున్న వేళ ఊరిని కాపాడుటకై ఒక రైతుబిడ్డ తన్ను తాను బలియిచ్చుకొన్నదను ప్రాచీన గాథ. దేవతలు, అప్సరసలు, రాజకన్యలు లేని కావ్యము. సాహిత్య విమర్శకులు దీనిలోని నూతనత్వమును గూర్చి చాల వ్రాసియున్నారు. నాకు కనబడు సంగతి వేఱు. చెరువుకట్ట యొక ఊరికి ప్రాణమనియు, దానిని నిలుపుట ఒక్కరి పని కాదనియు, నలుగురును ఉపేక్షించినప్పుడు ఒక్కరి ప్రాణము దానికి మూల్యము కావలసివచ్చుననియు ఎఱిగినవానికే ఆ కథ తట్టును. మైలవరపు రైతునకిది బోధింపనక్కఱలేదు. కృష్ణానది కూతవేటు దూరమున పాఱుచున్నట్లే తోచును. కాని మనది డెల్టా కాలువల నీరెఱుగని మెట్టసీమ. పూర్వమిచ్చట చెరువు నిండిన యేడు పంట, ఎండిన యేడు వలస. ఈ కొండప్రాంతపు నీటిని దించుకొనిపోవు బుడమేరునకు 2024 సెప్టెంబరు తొలిదినములలో గండ్లు పడగా బెజవాడ పేటలకు పేటలే మునిగిపోయిన సంగతి ఎవరును మఱచియుండరు. గట్టును ముందుగ కట్టుకొనుటకగు వ్యయమెంత, తెగిన పిమ్మట నగు నష్టమెంత యను లెక్కయే అర్థశాస్త్రమునకు మొదటి పాఠము. రెడ్డిగారు ఆ శాస్త్రమును కేంబ్రిడ్జిలో చదువకమునుపే కట్టమంచి చెరువుగట్టున చదివియుందురు.

ప్రభుత్వ విద్యార్థివేతనముతో 1902లో ఆంగ్లదేశమునకేగి కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కళాశాలలో చేరిరి. చరిత్రలో ప్రథమశ్రేణి యుత్తీర్ణులైరి. అచ్చటి విద్యార్థుల వాదసభయగు యూనియనునకు ఉపాధ్యక్షుడుగ నెన్నికైన తొలి భారతీయుడు ఆయనయే. ఇరువదవ శతాబ్దపు అర్థశాస్త్రమునకు తలమానికమైన కేన్సు 1905లో ఆ సభకే అధ్యక్షుడు. ఆ దినములలో కేంబ్రిడ్జిలో అర్థశాస్త్రాచార్యుడు మార్షలు. అర్థశాస్త్రమునకు ప్రత్యేక పరీక్ష అచ్చట 1903లోనే యేర్పడినది. ఒకవంక ఈ నూతనశాస్త్రము; మఱియొకవంక భారతదేశపు దారిద్ర్యమునకు మూలమేదియని దాదాభాయి నౌరోజీ 1901లోను, రమేశచంద్రదత్తు 1902, 1904లలోను ప్రకటించిన మహాగ్రంథములు. మన ధనము ఏటేట సముద్రములు దాటిపోవుచున్నదని స్వదేశీయులు లెక్కలు కట్టి చూపుచుండగా, ఆ ధనము చేరు దేశముననే కూర్చుండి ధనశాస్త్రము నభ్యసించిన భారతీయ యువకుని మనోవ్యథ యెట్టిదో ఊహించుకొనవచ్చును.

స్వదేశమునకు వచ్చిన పిమ్మట బరోడా కళాశాలలో, అరవిందులు విడిచిపోయిన స్థానమున, పని చేసిరి. అనంతరము మైసూరు మహారాజా కళాశాల. అచ్చట ఆచార్యుడై, ప్రధానాచార్యుడై, 1918 నుండి 1921 వఱకు సంస్థానపు విద్యాశాఖకు సర్వాధికారియై యుండిరి. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము పుట్టినప్పుడు ఆయన అచ్చటనే యున్నారు. విశ్వవిద్యాలయమనగా ఊరికి దూరముగ కట్టిన మేడలు కావనియు, దాని వెనుక ఒక రాజ్యపు ఆదాయవ్యయ పట్టిక నిలిచియుండవలెననియు ఆయన కన్నులార చూచినది మైసూరుననే.

తెలుగున 'భారత అర్థశాస్త్రము' రచించుట ఆయన చేసిన మఱియొక సాహసము. సాహసమని యేల అనుచుంటిని? ఆ కాలమున అర్థశాస్త్రమును ఇంగ్లీషున చదివి, ఇంగ్లీషున బోధించి, ఇంగ్లీషుననే మఱచిపోవుట ఆచారము. పన్ను, వడ్డీ, కౌలు, కూలి, నాణెము అను మాటలు ప్రతి రైతుకును తెలిసినవే. వానిని శాస్త్రమర్యాదతో తెలుగున కూర్చి చెప్పవలెనన్నచో మాత్రము మాటలు చాలవని విద్వాంసులు చేతులు ముడుచుకొనుచుండిరి. రెడ్డిగారు ముడుచుకొనలేదు. ఇచ్చట ఒక చిత్రము. కౌటిల్యుని అర్థశాస్త్రపు తాళపత్రప్రతిని కనుగొని శ్యామశాస్త్రిగారు 1909లో ముద్రింపించినది మైసూరుననే. రెడ్డిగారు మైసూరు చేరినదియు ఆ ప్రాంతముననే. కౌటిల్యునకు అర్థమనగా ధనమాత్రము కాదు. మనుష్యులు నివసించు భూమి యర్థము. దానిని సంపాదించి పాలించు ఉపాయము అర్థశాస్త్రము. కేంబ్రిడ్జి శాస్త్రమును, పాటలీపుత్ర శాస్త్రమును ఒక్క యూరిలో కలసినవి. ఆ పిమ్మట రెడ్డిగారి జీవితమున అర్థశాస్త్రవేత్త యెక్కడ ముగిసెనో పరిపాలకుడు ఎక్కడ మొదలయ్యెనో విడదీయుట కష్టము. కవిత్వ విమర్శకుడు మాత్రము రెంటికిని లొంగక వేఱుగ నిలిచెను. పింగళి సూరన కళాపూర్ణోదయమును పరిశీలించిన 'కవిత్వతత్త్వ విచారము' పండితులలో లేపిన దుమారము వేఱొక వ్యాసమునకు విషయము.

మైసూరున ఆయన చేసిన పనులలో నాకు మిక్కిలి గొప్పదిగ తోచునది పంచమ బాలురకు ప్రభుత్వ పాఠశాలల తలుపులు తెఱపించుట. అగ్రజాతులవారు గగ్గోలు పెట్టిరి. పిల్లలను బడికి పంపము పొమ్మనిరి. రెడ్డిగారు జంకలేదు. ప్రజలందఱి పన్నులతో నడచు బడిలో కొందఱి పిల్లలకు మాత్రమే చోటనుట ఏ శాస్త్రమునకును సమ్మతము కాదు. ధర్మశాస్త్రము మాట వాదింపగోరువారు వాదింపవచ్చును; అర్థశాస్త్రమునకు మాత్రము అది కేవల దుర్వ్యయము.

1921లో ఉద్యోగము విడిచి రాజకీయములలో దిగిరి. జస్టిసు పక్షమున చేరిరి. జాతీయవాదులకు ఈ ఘట్టము రుచింపదు; నాకును రుచింపదు. దేశమంతయు సహాయనిరాకరణమున శాసనసభలను బహిష్కరించుచుండగా, ఇంతటి మేధావి ద్వంద్వప్రభుత్వపు సభలోనికి నడచుట యేమి? కాని లోపల ప్రవేశించిన పిమ్మట ఆయన చేసినదేమో చూడవలెను. పానగల్లు రాజాగారి మంత్రివర్గముతో పొసగక, సొంతపక్షము వీడి, 1923 నవంబరున ఆ మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానము ప్రతిపాదించిరి. భారతదేశపు శాసనసభలలో అట్టి తీర్మానములకు అదియే ఆది. అనుకూలముగ 44 ఓట్లు, ప్రతికూలముగ 65 ఓట్లు వచ్చి తీర్మానము వీగిపోయినది. తాను కూర్చున్న కొమ్మ వంకరయైనదని తోచినప్పుడు దిగివచ్చుట రెడ్డిగారికి స్వభావము. దీనిని చాపల్యమనువారు కలరు, ధైర్యమనువారును కలరు. ఈ గుణమే 1930లో వేఱొక రూపమున ప్రత్యక్షమగును.

ఆ మంత్రివర్గమున విద్యామంత్రి ఏ. పి. పాత్రోగారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బిల్లును శాసనసభలో నడిపించినవారు ఆయనయే. ఆ మంత్రివర్గమింకను అధికారమున నుండగనే, దానిని పడగొట్టజూచిన రెడ్డిగారు ఆ పరిషత్తునకు ప్రథమోపాధ్యక్షులైరి. నేటి రాజకీయములను చూచుచున్నవారికిది నమ్మశక్యము కాకపోవచ్చును.

ఇక బెజవాడ కథ. పరిషత్తును ఎచ్చట నెలకొల్పవలెనను విషయమున తెలుగుసీమ ముక్కలైనది. బెజవాడ నడిమిపట్టణము, ఇనుపదారుల కూడలి యని కృష్ణా గుంటూరు మండలములవారు. విద్యకు వీరేశలింగముగారి రాజమహేంద్రవరము కంటె తగినదేదియని గోదావరి మండలములవారు. అనంతపురమనిరి దత్తమండలములవారు. 1923 నుండియే వైద్యకళాశాలగల విశాఖపట్టణమనిరి ఉత్తరమువారు. నూతన విశ్వవిద్యాలయమునకు ఆచార్యులెవరు, గ్రంథాలయమేది, ప్రయోగశాల యెచ్చట అను చింత కొందఱికే. మా యూరికి వచ్చునా రాదా యను చింత అందఱికిని. తుదకు దత్తమండలములు అలిగి మదరాసు విశ్వవిద్యాలయము క్రిందికే మఱలిపోయినవి. ఉపాధ్యక్షుడు పుట్టిన రాయలసీమయే పరిషత్తు పరిధికి వెలియైనది! ఆ లోటు తీఱుటకు 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము పుట్టవలసివచ్చెను.

బెజవాడలో పరిషత్తునకు కార్యాలయముండెను. విశ్వవిద్యాలయము మాత్రము లేదు. పరీక్షలు జరుపుట, పట్టములిచ్చుట మాత్రమే విశ్వవిద్యాలయ ధర్మమైనచో అది చాలును. ఆచార్యులును శిష్యులును ఒక్కచోట వసించి, నూతనవిద్యను పుట్టింపవలెనన్నచో విశాలమైన నేల వలయును, ఎడతెగని నిధి వలయును. సముద్రతీరపు మెట్టపై నేల దొరకినది. నిధికి అండగ నిలిచినది జయపుర సంస్థానము. ఒరియా మాటలాడు కొండసీమ ప్రభువులు తెలుగువారి విద్యాలయమునకు ఏటేట లక్ష రూపాయల చొప్పున నిచ్చిరి. విక్రమదేవవర్మగారి పేర వెలసిన విజ్ఞాన సాంకేతిక కళాశాల నేటికిని అచ్చట సాక్ష్యము చెప్పుచున్నది.

నాడు కృష్ణాడెల్టా యేమి చేసెను? 1850వ దశకమున ఆనకట్ట కట్టినది మొదలు ఈ నేల బంగారము పండుచున్నది. జమీందారులకు కొదవలేదు, ధాన్యపు వర్తకులకు కొదవలేదు. మన మైలవరపు ప్రభువులు సూరానేనివారు బెజవాడలో నాటకసమాజమును నిలిపి, నటులను పోషించి, తెలుగు రంగస్థలమునకు చేసిన సేవ చిరస్మరణీయము. నాటకశాలకు దాత దొరకిన పట్టణమున రసాయనశాలకు దాత దొరకలేదు. నేను నాటకమును నిందింపను. రెంటికిని చాలిన ధాన్యము మన గాదెలలో నుండెనని మాత్రము చెప్పుచున్నాను. వాల్తేరు మన సొత్తును కొనిపోయెననుట లెక్క తెలియని మాట. మనమా సొత్తునకు మూల్యము చెల్లింపలేదు.

1930వ సంవత్సరము వచ్చినది. మార్చి 12న గాంధీమహాత్ముడు సబర్మతి నుండి దండికి బయలుదేరెను. ఏప్రిలు 6న ఉప్పు చేతబట్టెను. తెలుగుతీరము పొడవునను ఉప్పుకొఠారులు వెలసినవి. లాఠీలు లేచినవి. బందరు కోనేరు కూడలిలో జాతీయపతాక నెగురవేయబోయిన తోట నరసయ్యనాయుడుగారిని పోలీసులు స్పృహ తప్పువఱకు కొట్టిరి. కళాశాలలలోని విద్యార్థులు పుస్తకములు మూసి వీథులలోనికి వచ్చిరి.

ఆ సమయమున ఉపాధ్యక్షుని స్థితి యెట్టిదో ఆలోచింపుడు. పరిషత్తునకు అధ్యక్షుడు మదరాసు గవర్నరు. లాఠీలకు ఆజ్ఞ యిచ్చు ప్రభుత్వమునకును ఆయనయే అధిపతి. పరిషత్తునకు వచ్చు ప్రభుత్వధనము ఆ బొక్కసమునుండియే రావలెను. పరిషత్తు పసిది, నాలుగేండ్ల బిడ్డ. క్రొత్తచోట ఇంకను వేళ్లూనలేదు. ఇట్టివేళ అధికారి నోరు విప్పక, సంస్థ క్షేమమను సాకు చూపి, తన గదిలో కూర్చుండినచో ఎవరును తప్పుపట్టరు. పైగ వివేకియందురు. దేశమున పదవులలోనున్న పెద్దలనేకులు చేసినదదియే. రెడ్డిగారు కాంగ్రెసువాది కారు. శాసనోల్లంఘన మార్గమును నమ్మినవారును కారు. ఆయన రాజీనామా యిచ్చినచో జైలులోనివారెవ్వరును విడుదల కారు. అయినను ప్రభుత్వపు దమననీతికి నిరసనగా ఉపాధ్యక్షపదవిని విడిచిరి.

దీని విలువ నెట్లు కట్టవలెను? అర్థశాస్త్రరీతిని చూచినచో ఆయన పోగొట్టుకొన్నది తాను నాటిన మొక్క; పొందినది శూన్యము. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణగారు వచ్చిరి. వాల్తేరున ఆచార్యులను చేర్చి, శాఖలు తెఱచి, పరిషత్తునకు రూపమిచ్చిన కీర్తి చాలవఱకు ఆయనకు దక్కినది, దక్కవలసినదే. కాని పరిషత్తు ప్రథమోపాధ్యక్షుడు విద్యార్థుల వీపులపై పడిన లాఠీకి తన పీఠమును విడిచి సమాధానము చెప్పెనను సంగతి ఆ విద్యాలయపు మూలధనములో చేరినది. ఏ ఆదాయవ్యయ పట్టికయందును కనబడని మూలధనమది. జయపురపు లక్షకంటె తక్కువదని నేననుకొనను.

1936లో రాధాకృష్ణగారు ఆక్స్‌ఫర్డునకు వెడలగా రెడ్డిగారు మఱల ఉపాధ్యక్షులై 1949 వఱకు నుండిరి. పరిషత్తు పెద్దదైనది. తిరువేంగడము రాజేంద్ర శేషాద్రిగారు రసాయనమునను, సూరి భగవంతముగారు భౌతికమునను పరిశోధనలు సాగించుచుండిరి. 1942 ఏప్రిలు 6న జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసినవి. వాల్తేరు ఆవరణము సైన్యమున కిచ్చివేయవలసివచ్చినది. పరిషత్తు మూట కట్టుకొని గుంటూరు చేరినది. పండ్రెండేండ్ల క్రింద కృష్ణాతీరమును విడిచిన విద్యాలయము యుద్ధపు పుణ్యమా యని నది దాటి ఆవలి గట్టునకు వచ్చి తలదాచుకొనుట చరిత్ర ఆడిన చమత్కారము. యుద్ధము ముగిసిన పిమ్మట వాల్తేరునకు మఱలినది.

ఆ 1942లోనే రెడ్డిగారు 'సర్' అయిరి. ఇది వ్రాయక తప్పదు. ఏ యేట దేశము క్విట్ ఇండియా యని గర్జించెనో, ఏ యేట తెనాలిలో ఆగస్టు 12న కాల్పులకు మనుష్యులు కూలిరో, ఆ యేట ఆంగ్లప్రభుత్వపు బిరుదు. 1930నాటి రామలింగారెడ్డిగారిని ప్రేమించువారికి 1942నాటి సర్ సి. ఆర్. రెడ్డిగారిని చూచుట కష్టము. ఆయన యభిమానులు దీనికి సమాధానములు చెప్పుదురు. బిరుదు వ్యక్తికి కాదు, విద్యాసేవకందురు. ఫాసిస్టులతో యుద్ధమున ప్రభుత్వముతో పోట్లాట తగదని ఆయన నమ్మెనందురు. నేనీ సమాధానములను కొట్టివేయను, సంతృప్తియు చెందను. ఒక్క మనుష్యునిలో ఈ రెండును ఉండినవి. ఒకదానిని చెఱపి ఇంకొకదానిని మాత్రము చూపు జీవితచరిత్ర జీవితచరిత్ర కాదు, స్తోత్రపాఠము.

ఆయన రెండవమాఱు పాలించిన కాలమున పరిషత్తునుండి వెలువడిన విద్యార్థులలో ఒక్కనిని పేర్కొందును. కల్యంపూడి రాధాకృష్ణరావుగారి బాల్యపు చదువు కొంత నూజివీడున, కొంత నందిగామలో సాగినది. మైలవరమునకు ఒకటి తూర్పున, ఒకటి పడమర. ఆయన వాల్తేరున గణితము చదివి 1940లో ఎం.ఏ. పట్టము నంది, కలకత్తా చేరి, 1945లో వెలువరించిన పరిశోధనతో ప్రపంచ గణాంకశాస్త్రమున తన పేరు శాశ్వతముగ నిలుపుకొనిరి. అర్థశాస్త్రము మొదలు వైద్యశాస్త్రము వఱకు అంకెలతో పనియున్న ప్రతిచోటను ఆయన సూత్రములు నేడును వాడుచున్నారు. నూట రెండేండ్లు జీవించి 2023లో కన్నుమూసిరి. పరిషత్తు బెజవాడనుండి పోయెనని చింతించు మనవారు నూజివీడు నందిగామల దారిని ఆ బాలుడు వాల్తేరునకు నడచిన సంగతిని లెక్కలో వేసికొనవలెను.

1949లో రెడ్డిగారు ఉపాధ్యక్షపదవి విడిచి మైసూరు విశ్వవిద్యాలయమునకు ప్రోఛాన్సలరుగ వెళ్లిరి. ఆజన్మ బ్రహ్మచారి. 1951 ఫిబ్రవరి 24వ తేదీన స్వర్గస్థులైరి.

ఆయన పీఠమున కూర్చున్నవాడును అర్థశాస్త్రవేత్తయే. వాసిరెడ్డి శ్రీకృష్ణగారు జమీందారీ కుటుంబమున జన్మించి, ఆక్స్‌ఫర్డున చదివి, వియన్నాలో డాక్టరు పట్టము పొంది, 1932లో పరిషత్తున అధ్యాపకులుగ చేరినవారు. 1949 నుండి 1961 వఱకు ఉపాధ్యక్షులుగ నుండి, పిదప విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమునకు అధ్యక్షులైరి. ఆ పదవి చేపట్టిన కొలదిదినములకే, 1961 ఫిబ్రవరిలో, మరణించిరి. దేశమున విశ్వవిద్యాలయములకన్నింటికిని ధనము పంచు సంఘమది. వాల్తేరు గ్రంథాలయమునకు ఆయన పేరు పెట్టిరి. డెల్టా ధనమిచ్చినను ఈయకున్నను మనిషినిచ్చినది.

1967లో పరిషత్తువారు గుంటూరున స్నాతకోత్తర కేంద్రము తెఱచిరి. అది 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైనది. 2008లో బందరున కృష్ణా విశ్వవిద్యాలయము వెలసినది. మైలవరమునందును ఇంజనీరింగు కళాశాల నడచుచున్నది. ఉదయము చెరువుగట్టు ప్రక్కగ దాని బస్సులు పోవుచుండును.